ఎర్ర సూర్యుడి మీద పిట్ట

నాకు భయం ఎక్కువ. ఈ మాట చెప్పడానికి నేనేం సిగ్గుపడను, ఎందుకంటే మా ఇంట్లో ఇద్దరి భయం నేనొక్కదాన్నే పడాలి. మా ఆయన జవహర్‌కు ఆ గుణం లేదు. నిడమనూరు దగ్గరి మా తండా నుంచి హైదరాబాదు పోయి బొమ్మల చదువు చదివొచ్చిన మనిషి. అక్కడ ఏ రంగులో ఏ రంగు కలిపితే ఏమవుతుందో నేర్పారు గానీ, ఏ రంగు ఎవరిదో నేర్పలేదు. అది నేర్పే పని నా నెత్తిన పడింది.

తొంభై నాలుగులో, ఎన్నికల ముందు రోజులవి. సూర్యాపేట బస్టాండు వెనక సందులో మాది ఒక్క గది షాపు. చెక్క చట్రానికి సన్నటి గుడ్డ బిగించి, బొమ్మ ఉన్నచోటు తప్ప మిగతాదంతా మూసేసి, పైన రంగు పోసి రబ్బరు పలకతో లాగితే కింద కాగితం మీద బొమ్మ పడుతుంది. స్క్రీన్ ప్రింటింగ్ అంటే ఇంతే. ఒక్కో రంగుకు ఒక్కో చట్రం కావాలి. పలక లాగేది ఆయన, తడి షీట్లను తీగలకు క్లిప్పులు పెట్టి ఆరేసేది నేను. పెళ్లి పత్రికలు, మిర్యాలగూడ మిల్లుల బియ్యం సంచులు, విజిటింగ్ కార్డులు, ఏదొస్తే అది వేసేవాళ్లం. పార్టీల పోస్టర్లు మాత్రం ముట్టనని నా తల మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్నాను. మంచి ఎన్నికల సీజనులో ఆ ఒట్టేమిటని పక్క షాపులవాళ్లు నవ్వుకున్నారు. నవ్వుకోనీ అనుకున్నాను.

ఆ ఒట్టుకు కారణం మట్టయ్య మామ. మా ఆయనకు పలక పట్టడం నేర్పింది ఆయనే. పక్క సందులో ఆయనకు మాకంటే పెద్ద షాపు ఉండేది. ఒకరోజు పొద్దున పోలీసు జీపు వచ్చి ఆయన్ను ఎక్కించుకుని పోయింది. కొన్నాళ్లకు తిరిగొచ్చాడు గానీ, వేళ్లు ముడవడం రాకుండా వచ్చాడు. అడవిలో ఉండే అన్నల కోసం ఎర్ర చుక్క పోస్టరు వేశాడని బజారంతా చెప్పుకుంది. ఆయనే ఒప్పుకున్నాడట, ఇంకేముంది అన్నారు. మామ అవునని గానీ కాదని గానీ ఎవరితోనూ అనలేదు. రోజూ మధ్యాహ్నం దాటాక మా షాపుకొచ్చి, స్టూలు మీద కూర్చుని, రంగు వాసన పీల్చుకుని, చాయ్ గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగి వెళ్లిపోయేవాడు. ఆ చేతులు చూసినప్పుడల్లా నా కళ్లు మా ఆయన చేతుల మీదికి పోయేవి. నా భయమంతా ఆ పది వేళ్ల గురించే.

ఇలా ఉండగా కోదాడ నుంచి నాంచారమ్మగారి పని వచ్చింది. ఆవిడ కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, భర్త పోయాక రైసుమిల్లు తానే నడుపుతోంది. కొత్త సంవత్సరం క్యాలెండరు వేయమంది. దేవుళ్ల బొమ్మలు అందరూ వేయిస్తున్నారు కాబట్టి తనకు సీనరీ కావాలంది. సీనరీ అంటే మీకు చెప్పక్కర్లేదు. బడికి పోయిన ప్రతివాళ్లూ ఒక్కసారైనా గీసి ఉంటారు. రెండు కొండలు, వాటి మధ్య నుంచి లేచిన గుండ్రటి సూర్యుడు, వంకర్లు తిరుగుతూ వచ్చే ఏరు, ఒడ్డున పొలం, గుడిసె, పక్కన కొబ్బరిచెట్లు, ఆకాశంలో పిట్టలు. మా తండా చుట్టుపక్కల నేను కొబ్బరిచెట్టును చూసిన పాపాన పోలేదు, అయినా అది లేకపోతే సీనరీ కాదు. ట్రంకుపెట్టెల మీదా, లారీల వెనకా, ఫోటో స్టూడియో పరదాల మీదా అదే బొమ్మ. ఇందులో భయపడాల్సిందేముందని నేను కూడా నిశ్చింతగా ఉన్నాను. అలా నిశ్చింతగా ఉన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

మా ఆయన ముందుగా సూర్యుణ్ణి వేశాడు. నేను ఇంటి నుంచి అన్నం క్యారేజీ పట్టుకుని వెళ్లేసరికి షాపు నిండా షీట్లు వేలాడుతున్నాయి. తెల్లకాగితం మీద ఎర్రటి గుండ్రం, ఇంకేమీ లేదు. గాలికి ఆ ఎర్ర గుండ్రాలన్నీ ఒక్కసారే ఊగుతున్నాయి. తలుపు తీసి ఉంది. సందులో పోయే ప్రతివాడికీ ముందు కనబడేది అదే. ఎరుపే ఎందుకు అని అడిగాను. పొద్దున సూర్యుడు ఎర్రగా కాక ఇంకెట్లా ఉంటాడని ఆయన నన్నే అడిగాడు. మిగతా రంగులు వేశాక ఇది సీనరీలో కలిసిపోతుందన్నాడు. అది నిజమే. కానీ మిగతా రంగులు పడేలోపు వచ్చేవాళ్లకు ఆ సంగతి ఎవరు చెప్తారు?

ఆ మధ్యాహ్నమే నల్లరంగు చట్రం ఎలా కూర్చుంటుందో చూద్దామని ట్రయల్‌కు కొన్ని షీట్లు లాగాడు. నలుపులో కొండల అంచులు, చెట్లు, పిట్టలు ఉన్నాయి. ఆయన పిట్టను ఒకే గీతతో గీస్తాడు. వంపు తిరిగిన రెక్క, దాని చివర పొట్టి తోక. ఆకాశంలో ఉంటే చక్కగా కొంగలానే ఉంటుంది. కానీ కాగితం పక్కకు జరిగి, కొండలు ఒకచోట, చెట్లు ఒకచోట పడ్డాయి. అన్నిటికంటే పెద్ద పిట్ట వచ్చి సరిగ్గా సూర్యుడి నడుమ కూర్చుంది. తడి షీటును తీగకు తగిలించి, వెనక్కి జరిగి చూశాను. ఎర్ర గుండ్రంలో నల్ల కొడవలి.

ఆయన్ను పిలిచి చూపించాను. ఆయన చూసి, కాగితం జరిగిందని తిట్టుకుని, పాడైనవి తీసేయమన్నాడు. పాడైన షీట్లన్నీ తీసి మడిచి సంచిలో కుక్కాను, ఇంటికి పోయి పొయ్యిలో పెడదామని. అప్పుడాయన చాలా మామూలుగా, ఇందాక మొట్టమొదట లాగింది ఇంకొకటి తలుపు పక్కన ఆరబెట్టాను చూడు అన్నాడు. చూశాను. తలుపు పక్కన ఏమీ లేదు.

ఆ రోజు షాపుకు ఎవరెవరు వచ్చారో తలుచుకుని చూశాను. చాయ్ ఇవ్వడానికి సైదమ్మ వచ్చింది. మట్టయ్య మామ వచ్చి, రోజూలాగే కాసేపు కూర్చుని వెళ్లాడు. పాపం గ్లాసే పట్టుకోలేని మనిషి, షీటును ఏం పట్టుకుపోతాడు? ఇంకొకడు వచ్చాడు. నా అనుమానమంతా అతని మీదే. బుల్లెట్ బండి మీద వచ్చాడు, పొట్టి క్రాఫు, ఎర్ర తోలు బూట్లు. విజిటింగ్ కార్డులకు ఎంతవుతుందని అడిగి, రేపో ఎల్లుండో మ్యాటరు తెస్తానని చెప్పి, వేలాడే షీట్లన్నీ ఒకసారి కలియజూసి పోయాడు. మఫ్టీలో తిరిగేవాళ్లు చొక్కా మార్చుకుంటారు గానీ బూట్లు మార్చుకోరని మా తండాలో పిల్లలకు కూడా తెలుసు.

సైదమ్మ చాయ్ కొట్టుకు పరుగెత్తాను. ఆమె మిరపకాయ బజ్జీలు కట్టిచ్చే కాగితాల కట్టంతా తిరగేశాను. పాత పేపర్లు, బడిపిల్లల పరీక్ష కాగితాలు, ఎవరిదో పెళ్లి పత్రిక. ఏం పోయిందని సైదమ్మ అడిగితే ఏమీ లేదన్నాను. బంగారం పోయిందంటే నలుగురూ వెతికి పెడతారు. ఇది పోయిందని ఎవరికి చెప్పుకోవాలి? బస్టాండు గోడలు, మరుగుదొడ్ల గోడలు కూడా చూసుకుంటూ తిరిగాను, ఎవరైనా అతికించి ఉంటారేమోనని. అన్ని గోడల మీదా అన్ని పార్టీలూ ఉన్నాయి. మా సూర్యుడు మాత్రం లేడు. జీపు చప్పుడు వినబడ్డ ప్రతిసారీ కిందటి జన్మలో చేసిన పాపాలు కూడా గుర్తొచ్చాయి. ఎన్నికల రోజుల్లో సూర్యాపేటలో జీపులకు కరువేముంది!

ఆ సాయంత్రం మా ఆయనతో గట్టిగా పేచీ పెట్టుకున్నాను. ఎర్ర సూర్యుళ్లున్న షీట్లన్నీ తీసేసి కొత్త కాగితం మీద వేస్తే తప్ప షాపు తలుపు తీయనివ్వనన్నాను. కాగితం దండగ అని ఆయన గొణిగాడు. నేను మట్టయ్య మామ పేరెత్తాను. ఆయన తన చేతులు చూసుకుని, షీట్లు దించడం మొదలుపెట్టాడు.

మర్నాడు పసుపుపచ్చ సూర్యుణ్ణి వేశాడు. నమూనా చూసుకోవడానికి అదే రోజు కోదాడ బస్సులో నాంచారమ్మగారు దిగింది. షీటు చూసి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది.

"పసుపుపచ్చా? బాబూ, నా మిల్లుకి ఆ పార్టీ వాళ్లూ వస్తారు, ఈ పార్టీ వాళ్లూ వస్తారు. ఇది గోడకి తగిలించానంటే సగంమంది నా గుమ్మం తొక్కరు."

సరే, కాస్త ఎరుపు కలిపి కాషాయం చేద్దామన్నాడు మా ఆయన. ఆవిడ వద్దని చెయ్యి ఊపింది. ఒకప్పుడు కాషాయమంటే సన్యాసులే, ఇప్పుడు దానికీ జెండా వచ్చిందంది. అదీగాక కాషాయం సూర్యుడు, తెల్లటి ఏరు, ఆకుపచ్చ పొలం ఒకదాని కింద ఒకటి వస్తే ఇంకో పార్టీ అయిపోతుందని నేను అందుకున్నాను. పోనీ నీలమా అంటే, దాన్ని కూడా ఈమధ్యే ఎవరో పట్టుకుపోయారు. దేవుడు చేసిన రంగులన్నీ ఎవరో ఒకరు బస్సు సీట్ల మీద తువ్వాళ్లు వేసినట్టు ముందే పట్టేసుకున్నారు. సూర్యుడు నిలబడే పోవాలి.

మా ఆయన చాలాసేపు ఆ షీటు వంకే చూస్తూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి నవ్వాడు. ఒక తెల్లకాగితం తీసి నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత కొట్టి నాలుగు గదులు చేశాడు. కాలేజీలో ఏదో విదేశీ పుస్తకంలో చూశాడట, ఒకే పువ్వును పక్కపక్కనే మళ్లీ మళ్లీ వేసి, ఒక్కోసారి ఒక్కో రంగు పూశారట. అలా ఇదే సీనరీని నాలుగు గదుల్లో నాలుగుసార్లు వేస్తానన్నాడు. గదికి మూడు నెలల చొప్పున ఏడాదికి సరిపోతుంది.

"సూర్యుడు ఒక్కడే ఉంటెనే గదమ్మా, వీడు ఎవరోడు అని అడుగుతరు. నలుగురుంటె ఎవరని అడుగుతరు?" అన్నాడు.

నాంచారమ్మగారికి సగమే అర్థమైంది, కానీ ఆ సగం ఆవిడకు నచ్చింది. వారం తిరిగేలోగా మిల్లు లారీ వస్తుంది, అందులో వేసి పంపమని చెప్పి వెళ్లిపోయింది.

ఆ తర్వాత రోజుల్లో మా షాపులో జరిగింది నేనెన్నడూ చూడలేదు. మొదటి గదిలో రాణి రంగు సూర్యుడు, ఆకుపచ్చ ఆకాశం. రెండో గదిలో నీలం సూర్యుడు, నిమ్మపండు రంగు ఏరు. మూడో గదిలో పసుపుపచ్చ సూర్యుడు, ఊదా కొండలు, రాణి రంగు కొబ్బరిచెట్లు. ఏ రంగుకూ నీడలు లేవు, మెత్తదనం లేదు, అన్నీ జాతరలో గాజుల దుకాణంలా మెరుస్తున్నాయి. అదే కొండ, అదే గుడిసె, అదే పిట్ట, కానీ ఒకదాని పక్కన ఒకటి చూస్తుంటే చిన్నప్పటి నుంచి చూసిన బొమ్మను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టుంది. నాకు సంతోషమేసింది. నా భయం నుంచే ఇంత అందం పుట్టిందా అని కాస్త గర్వం కూడా వచ్చింది, అబద్ధమెందుకు.

నాలుగో గది దగ్గర మళ్లీ గొడవ. ఆయన అందులో ఎర్ర సూర్యుడే ఉండాలన్నాడు. మూడు మార్చిన సూర్యుళ్ల పక్కన అసలు సూర్యుడు ఒక్కడైనా లేకపోతే, మార్చామని ఎట్లా తెలుస్తుందన్నాడు. నేను ససేమిరా అన్నాను. ఒక షీటు పోయింది, ఎక్కడుందో తెలియదు. అది ఎవరి చేతిలో ఉందో, వాళ్లు వచ్చి దీని పక్కన పెట్టి చూస్తే ఏమవుతుందో ఆలోచించమన్నాను. ఇద్దరం పంతానికి పోయాం. షీట్లన్నీ మూడు గదులు నిండి, నాలుగోది తెల్లగా తీగల మీద వేలాడాయి.

అప్పుడే బుల్లెట్ బండి చప్పుడైంది. ఆ ఎర్ర బూట్లు గడప దాటి లోపలికొచ్చాయి. అతను నేరుగా తీగల దగ్గరికి పోయి, ఒక షీటు అంచు పట్టుకుని చూశాడు.

"మొన్న ఎర్ర సూర్యుడు ఉండె గద గీడ. ఏమాయె?" అన్నాడు.

నాకు మరీ భయమేస్తే తెలుగు రాదు, మా లంబాడీ మాటే వస్తుంది, అదీ ఆ పూట రాలేదు. మా ఆయన మాత్రం నిదానంగా, పార్టీ మనకెందుకని తీసేశామన్నాడు. అతను మంచి పని చేశారని తలూపి, జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి ఇచ్చాడు. మిర్యాలగూడలో బోర్లు వేసే రిగ్గుందట అతనికి. కార్డు మీద బోరుబండి బొమ్మ కావాలన్నాడు. బూట్లు బురదలో తిరగడానికట. అతను వెళ్లాక నేను గోడకానుకుని నవ్వి, నవ్వుతూనే ఏడ్చాను. కానీ ఏడుపు అయిపోయాక లెక్క మళ్లీ మొదటికొచ్చింది. షీటు ఇతని దగ్గర లేదు. మరి ఎవరి దగ్గరుంది?

అప్పుడు తట్టింది, షీటు పోయిన మర్నాటి నుంచి మట్టయ్య మామ షాపుకు రాలేదని. నా భయంలో పడి ఆ సంగతే గమనించలేదు. ఆ కాగితం పట్టుకుని పోలీసులు మళ్లీ ఆయన ఇంటికే పోయారేమో, పాత మనిషి కదా, ముందు ఆయన్నే అడుగుతారు కదా అనిపించింది. చెప్పులు వేసుకున్నానో లేదో గుర్తులేదు. మూడు గదుల షీటు ఒకటి చేతిలో అలాగే ఉండిపోయింది, దానితోనే వెళ్లాను.

మామ భార్య సాయమ్మత్త వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. మామకు కాస్త దగ్గు తగిలింది, అందుకే బయటికి పోనివ్వలేదంది. నా ప్రాణం కుదుటపడింది. లోపలికి అడుగు పెట్టాను. మంచానికి ఎదురుగా, గోడకు ఉన్న ఒకే ఒక్క బొమ్మ అది. ఎర్ర గుండ్రంలో నల్ల కొడవలి.

ఒక్క ఉదుటున పోయి చింపబోయాను. ఒక మూల ఊడి చేతికొచ్చింది. మామ మంచం మీద నుంచే ఆగు అన్నాడు. ఆయన గొంతు పెరగడం నేనెప్పుడూ వినలేదు, అందుకే ఆగాను. అరచేతుల మధ్య పట్టుకుని తెచ్చాడట దాన్ని. పారేసేదే కదా అనుకున్నాడట. మెతుకులు పెట్టి, మణికట్టుతో ఒత్తి ఒత్తి తానే అతికించాడట.

"నీకు బుద్ధున్నదా మామా? మల్ల గా జీపు రావాల్నా? దాని మీద ఏమున్నదో కనబడ్తలేదా?" అని అరిచాను.

"పిట్ట ఉన్నది," అన్నాడు మామ.

"కొడవలి."

మామ దగ్గు వస్తే ఆపుకున్నాడు. ఆ తర్వాత, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని మాట గోడ వంక చూస్తూ చెప్పాడు.

"నేనేసింది సుక్క గాదు బిడ్డా. మందార పువ్వు. తలనూనె సీసాల లేబుల్ అది. ఐదు రెక్కలు, ఎర్రగ. వాండ్లు సుక్క అన్నరు. పువ్వు సారూ అన్న. కొట్టిండ్రు. మల్ల పువ్వే అన్న. మల్ల కొట్టిండ్రు. ఇగ ఓపలేక సుక్కనే అన్న." నా వైపు తిరిగాడు. "నిన్ను ఇంక ఎవ్వలు కొట్టలే గదా. నువ్వు గప్పుడే పిట్టను కొడవలి అంటున్నవ్."

నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. ఆయన చేతులు మంచం మీద బోర్లా పడి ఉన్నాయి. ఆ చేతులు చూసి ఇన్నాళ్లూ నేను నేర్చుకున్నది ఒక్కటే, నోరు మూసుకోవడం. ఆయన మాత్రం ఆ బొమ్మను రోజూ కళ్లకెదురుగా పెట్టుకుని, పిట్ట, పిట్ట అని తనకు తానే చెప్పుకుంటున్నాడు.

సాయమ్మత్త గిన్నెలోంచి నాలుగు మెతుకులు తెచ్చి నా అరచేతిలో పెట్టింది. లేచి, నేను ఊడదీసిన మూలను మళ్లీ అతికించాను. కొంచెం వంకరగా కుదిరింది. నేను తెచ్చిన షీటును మామకు చూపించాను. మూడు సూర్యుళ్లనూ చాలాసేపు చూసి, మీ ఆయనకు పలక ఒరవడి బాగా వచ్చిందని మెచ్చుకున్నాడు. నాలుగో గది ఎందుకు ఖాళీగా ఉందని అడిగాడు. ఇంకా వేయలేదని చెప్పి బయటపడ్డాను.

షాపుకు వచ్చేసరికి ఎండ సందులో సగానికి దిగింది. మా ఆయన బోరుబండి బొమ్మ గీసుకుంటున్నాడు. దారిలో మెయిన్ రోడ్డు మీద రెండు జీపులు ఎదురయ్యాయి, రెండిటికీ గోడవారకు తప్పుకున్నాను. భయం పోయిందని చెప్తే మీరు నమ్మొద్దు. లోపలికి పోయి, మూలకు దాచిన ఎర్రరంగు డబ్బా తీసి ఆయన ముందు పెట్టాను.

"నాలుగోది ఎర్రగనే వెయ్యి," అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. చట్రం దించి, రంగు పోసి, పలక అందుకున్నాడు. సందులో మళ్లీ ఏదో బండి ఆగిన చప్పుడైంది, తలుపు బార్లా తీసి ఉంది. నేను వెనక్కి తిరిగి చూడలేదు. కాగితం జరగకుండా రెండు మూలలూ అదిమి పట్టుకుని, లాగమని చెప్పాను.